పండగకు ఇల్లు పూర్తి చేయాలని చూడకండి, పండగకు పని ఆపండి

దేవరకొండ అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందు చెబుతాను. 1990ల్లో కట్టిన స్లాబు ఇల్లు, వెనుక వరండా మీద సిమెంటు రేకులు. శ్రావణంలో పని మొదలుపెట్టారు. వంటగది గట్టు పగలగొట్టారు, రెండు స్నానాల గదుల్లో ఒకటి పగలగొట్టారు, హాల్లో షాబాదు బండలు ఇంకా తీయలేదు. ఇంట్లో అత్తగారు, దమ్ము జబ్బు (ఆయాసం) ఉన్న మామగారు, మీరిద్దరు, బడికి వెళ్లే పిల్లలిద్దరు. బతుకమ్మకు ఇద్దరు ఆడపడుచులూ పిల్లలతో వస్తారు. మేస్త్రి దసరాకల్లా ఇల్లు అప్పజెబుతానంటున్నాడు. అప్పటిదాకా అందులోనే ఉండగలమా, అద్దెకు పోవాలా అని అడిగారు.

మీ మేస్త్రి అబద్ధం చెప్పడం లేదు. దసరాకల్లా అయిపోతుందని అతను నిజంగానే నమ్ముతున్నాడు. నల్లగొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి వైపు 31 ఏళ్లు ఇళ్ల పనులు చేయించిన నేను కూడా ఏటా అలాగే నమ్మేవాణ్ణి, ఏటా అలాగే మాట పోగొట్టుకునేవాణ్ణి.

లెక్క చూడండి. మీరు రాసింది వినాయక చవితి మరునాడు. అక్కడి నుంచి పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, ఇరవై ఆరు రోజులకు అటూ ఇటూ, దసరాకు ముప్పై ఆరు రోజులు. వినడానికి చాలా ఉన్నాయి. కానీ నిమజ్జనం నాడూ మరునాడూ కూలీలు రారు. భాద్రపదంలో వాన కనీసం నాలుగైదు రోజులు తింటుంది. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకోవడానికి ఎవరి ఇంటికి వాళ్లు వెళ్తారు. చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందురోజు నుంచే పనివాళ్ల మనసు ఊరి బస్సులో ఉంటుంది. ఆదివారాలు, మెటీరియల్ రాని రోజులు తీసేస్తే చేతికి మిగిలేవి ఇరవై పనిదినాలు. వంటగది, స్నానాల గది, హాలు, రంగులు అన్నీ ఇరవై రోజుల్లో అంటే ఒక్కటీ సరిగా కాదు.

అందుకని నేను మొదట చెప్పే మాట ఒకటే. పూర్తి చేసే తేదీ గురించి మేస్త్రితో వాదించకండి, ఆపే తేదీ ఖాయం చేయండి. మీ ఇంటికి ఆ తేదీ పెత్రమాస ముందురోజు సాయంత్రం. పెత్రమాస నాడే వచ్చే మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాటి నుంచి దసరా మరునాటి దాకా ఇంట్లో సుత్తి చప్పుడు వినపడకూడదు. ఇది పండగ మీద భక్తితో మాత్రమే చెప్పడం లేదు. సిమెంటు పనికి ఎలాగూ కొన్ని రోజులు ఊరికే తడుపుతూ కూర్చోవాలి. ఆ రోజులనే పండగ రోజుల మీదికి జరుపుకోవాలి, అంతే.

మీ ఇంటికి వచ్చే బస్తా మీద పీపీసీ అని రాసి ఉంటుంది, ఇప్పుడు ఇళ్లకు వాడేది ఎక్కువగా అదే. అందులో బొగ్గు బూడిద కలుస్తుంది కాబట్టి బలం నెమ్మదిగా వస్తుంది. కాంక్రీటుకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇలాంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచమంటుంది. మన దగ్గర చాలామంది మూడు రోజులు పైపుతో చిలకరించి అయిపోయిందనుకుంటారు, తరువాత గట్టు మీద వెంట్రుకవాసి పగుళ్లు చూసి సిమెంటు కంపెనీని తిడతారు. బతుకమ్మ తొమ్మిది రోజులు. పెత్రమాసకు ముందురోజు గట్టు పోసి ఆపితే దసరాకల్లా క్యూరింగ్, అంటే ఈ తడపడం, పూర్తవుతుంది. ఆ తొమ్మిది రోజులూ మేస్త్రి లేకపోవడం మీకు నష్టం కాదు. ఉంటే తడి గట్టు మీద గ్రానైట్ పరిచేసే ప్రమాదం ఉంది.

ఇక పెత్రమాస లోపు ఏం చేయాలి? పగలగొట్టిన స్నానాల గది పూర్తి కావాలి, వంటగది గట్టు, గోడల ప్లాస్టరింగ్ కావాలి. హాలు ముట్టుకోకూడదు. మేస్త్రి ఇక్కడ ఒత్తిడి తెస్తాడు. స్నానాల గదిలో ప్లాస్టరింగ్ తడిసే రోజుల్లో మనుషులు ఖాళీగా ఉంటారు, ఆలోగా హాల్లో బండలు తీసేద్దామంటాడు. ఆ మాటకు తల ఊపితే మీ పండగ పోయినట్టే. ఆ మనుషులను వంటగదిలోకి పంపండి. అక్కడ తడిసే రోజుల్లో ఇక్కడికి రప్పించండి. రెండు చిన్న గదుల మధ్య మనుషులను తిప్పడం మంచి మేస్త్రికి చేతనవుతుంది.

స్నానాల గది గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఇది నా సొంత గాయం. 2008లో మా ఇంట్లో, నేను ఈ పనిలో ఇరవై ఏళ్లు పండిపోయానన్న గర్వంతో, రెండు స్నానాల గదులూ ఒకేసారి పగలగొట్టించాను. పైపులు ఒకేసారి పడతాయి, ఖర్చు తగ్గుతుందని లెక్క. కల్వకుర్తి నుంచి మా చెల్లెలు ముగ్గురు పిల్లలతో దిగింది. ఆ ఏడు మా ఇంటిల్లిపాది, చుట్టాలతో సహా, బకెట్లు పట్టుకుని పక్కింటికి వెళ్లాం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ అంటారు కదా, ఆ రోజు పూలు పేర్చరు. మా ఇంట్లో మా ఆవిడ అంతకు ముందురోజే అలిగి, సద్దుల దాకా నాతో మాట్లాడలేదు. ఆమె తప్పేమీ లేదు. మొదటిది నీళ్లు పారించి, తలుపు బిగించి, వాడి చూసిన తరువాతే రెండోదాని మీద సుత్తి పడాలి. మీ ఇంట్లో రెండోది ఇంకా నిలిచి ఉందని రాశారు, సంతోషం. దాన్ని దసరా తరువాత కూడా ముట్టుకోకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

పగలగొట్టినదానిలో త్వరపెట్టకూడని పని ఒకటుంది. వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు ఆరాక, నేల నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ నోరు మూసి, నేల నిండా నీళ్లు నింపి 48 గంటలు వదిలేయాలి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టండి. పక్క గది గోడ అడుగున చెమ్మ వస్తుందేమో చేత్తో తడిమి చూడండి. చాలామంది మేస్త్రులు ఈ రెండు రోజులూ దండగంటారు. ఈ రెండు రోజులు మిగుల్చుకున్న ఇళ్లకు నేను రెండేళ్ల తరువాత టైల్స్ పగలగొట్టడానికి వెళ్లాను. వాలు అయిదు అడుగులకు ఒక అంగుళం చొప్పున ట్రాప్ వైపు ఉందో లేదో టైల్ వేయకముందే చెంబుడు నీళ్లు పోసి చూడండి. నేలకు విట్రిఫైడ్ టైల్ తెచ్చి ఉంటే దాని వెనుకకు ఉత్త సిమెంటు పాలు సరిగా పట్టవు. ఆ టైల్ నీళ్లు పీల్చదు, అందుకే దానికి జిగురు సిమెంటు వాడతారు. బస్తా ఖరీదు చూసి వెనక్కి తగ్గకండి.

వంట. మూడు పూటలూ బయటి నుంచి తెప్పించుకుందామన్న ఆలోచన మీ ఆయనకు వచ్చి ఉంటే, నాలుగో రోజుకే పోతుంది. వెనుక వరండాలో తాత్కాలిక వంట ఏర్పాటు చేసుకోండి. మీ పాత గట్టు మీది కడప బండ పగలకుండా తీశారా? రెండు వైపులా ఇటుకలు పేర్చి, సిమెంటు పెట్టకుండా, నడుము ఎత్తులో ఆ బండ పెట్టిస్తే అదే గట్టు. పని అయ్యాక అదే బండ పెరట్లో బట్టలు ఉతుక్కోవడానికి పనికొస్తుంది. సిలిండరు నిటారుగా నేల మీద, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగి పల్లంలో చేరుతుంది. కాబట్టి వరండా పక్కన సంపు మూత, కాలువ గుంత లాంటివి ఉంటే సిలిండరును అక్కడ పెట్టకండి. టైల్ కోసే మిషన్ నిప్పురవ్వలు పడే చోటికి దగ్గరగా అసలే వద్దు. రబ్బరు ట్యూబు మీద తయారైన సంవత్సరం ఉంటుంది. అయిదేళ్లు దాటితే ఈ సందట్లోనే మార్చేయండి.

వరండా మీది సిమెంటు రేకుల గురించి హెచ్చరిక. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కదల్చకుండా ఉన్నంత కాలం దాని కింద వండుకోవచ్చు. పొగ గొట్టానికి రంధ్రం కోస్తాననో, లైటు బిగించడానికి డ్రిల్లు పెడతాననో ఎవరైనా అంటే వద్దనండి. కోసినా పగలగొట్టినా కంటికి కనపడని నూలు లాంటి పీచు గాలిలోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. ఎప్పుడైనా తీయాల్సి వస్తే బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా ముక్క కాకుండా దించాలి. మన ఊళ్లలో పై నుంచి కింద పడేసి, పిల్లలు ఆడుకునే సందులోనే ముక్కలు వదిలేస్తారు. ఆ పని చేయనివ్వకండి.

తాగే నీళ్ల సంగతి బయటి ఊళ్ల వాళ్లకు చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు, మన దగ్గర చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత పని చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వంటగది గోడలు కోసేటప్పుడు ప్లంబరు ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా లైన్ కట్ చేసి, తాత్కాలికంగా బోరు లైన్‌ను కుళాయికి కలిపి వెళ్తాడు. తాత్కాలికం ఆర్నెల్లు నడుస్తుంది. మీ పిల్లలు, వచ్చిన పిల్లలు ఆ కుళాయి కింద చెంబు పట్టి తాగేస్తారు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు, పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా అన్నది మన దేశపు ప్రమాణం. అందుకని ప్లంబరు పని మొదలయ్యే రోజే నల్లా లైన్‌కు ఆకుపచ్చ రంగు, బోరు లైన్‌కు ఎర్ర రంగు పూయించండి. తడపడానికి బోరు నీళ్లు, తాగడానికీ వండడానికీ నల్లా నీళ్లు. ఇంత చిన్న ఏర్పాటును కూడా నేను సగం ఇళ్లలో చూడలేదు.

పది రోజులు తడుపుతూ ఉంటే రెండు చిక్కులు వస్తాయి. ఒకటి కరెంటు. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని మీద మిక్సీ, పక్కన పండగ సీరియల్ బల్బులు, మధ్యలో పరుగెత్తే పిల్లలు. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు అది పెట్టించండి. కరెంటు కొద్దిగా నేలకు కారినా అది క్షణంలో లైన్ తెంచుతుంది. మామూలు ఫ్యూజు మనిషికి షాకు తగిలినంత మాత్రాన కదలదు. రెండోది దోమలు. డెంగీ దోమ మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. క్యూరింగ్ కోసం డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లు, ఖాళీ రంగు డబ్బాలు, ఫిట్టింగ్ ఇంకా పెట్టని కమోడ్ గుంత, ఇవన్నీ దానికి ఇళ్లే. నాలుగు రోజులకొకసారి డ్రమ్ము ఖాళీ చేసి బోర్లించండి. గట్టు మీద నీళ్లు నిలబెట్టకుండా తడి గోనె సంచులు పరిచి, పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం తడిపితే చాలు. ఆ పని మీ పెద్దబ్బాయికి అప్పజెప్పండి. ఏడో తరగతి పిల్లవాడు మేస్త్రికంటే నమ్మకంగా తడుపుతాడు, నా అనుభవం.

దుమ్ము. మీ మామగారికి దమ్ము ఉంది కాబట్టి దీన్ని తేలికగా తీసుకోకండి. ఇంట్లో ఒక్క గదిని దుమ్ము తగలని గదిగా ప్రకటించండి, అది ఆయన గది. దాని గడప మీద తడిపిన పాత చీర వేలాడాలి, కింద తడి గోనె ఉండాలి, పని చెప్పులు లోపలికి రాకూడదు. ఇటుక, టైల్, గ్రానైట్ కోత ఏదైనా ఇంటి బయట, నీళ్లు పోస్తూ జరగాలి. పొడిగా కోస్తే లేచే తెల్ల పొగలో ఉన్నది సన్నని రాతి పొడి, రోజూ పీల్చే కోతవాడికి అది మీ మామగారి దమ్ముకంటే పెద్ద జబ్బు తెస్తుంది. పని జరిగే గదిలో ఫ్యాను వేయకండి. ఉక్కగా ఉందని కూలీలు వేస్తారు, అదే దుమ్మును ఇల్లంతా పంచుతుంది.

పాత తలుపులు గీకి కొత్త రంగు వేయాలని కూడా రాశారు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ తలుపులు అంతకు పాతికేళ్ల ముందువి. ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం బాగా ఉంది. పొడి ఉప్పు కాగితంతో గీకితే ఆ పొడి నేల మీద పడి, పాకే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. మీ చిన్న ఆడపడుచుకు ఏడాది పాప అన్నారు కదా. ఈ పండగకు తలుపులు ముట్టుకోవద్దు. తరువాత చేయించినా తలుపు ఊడదీసి పెరట్లో పెట్టి, తడిపి గీకించండి.

గోడల రంగు కూడా అంతే. దసరాకు ఇల్లు తెల్లగా మెరవాలని అందరికీ ఉంటుంది. కొత్త ప్లాస్టరింగ్ లోపలి తడి బయటికి రావడానికి నెల రోజులు వదలాలి. పది రోజుల గోడ మీద పుట్టీ పట్టించి రంగు వేస్తే సంక్రాంతి లోపు ఉప్పు పూసి పొరలు లేస్తాయి. వాకిలి గోడకు సున్నం కొట్టించి, గడపకు పసుపు రాసి, మామిడాకులు బంతిపూలు కట్టండి. వచ్చినవాళ్లు వాకిలి చూస్తారు. వంటగది గోడ బూడిద రంగులో ఉంటే ఎవరూ మీ మర్యాద తక్కువైందనుకోరు. అనుకునేవాళ్లు ఇటాలియన్ మార్బుల్ పరిచినా ఏదో ఒకటి అంటారు.

వాకిలి అన్నాను కాబట్టి ఇసుక కుప్ప. పెత్రమాస లోపు వీధిలో ఇసుక, కంకర, పగిలిన పెళ్లలు ఏవీ ఉండకూడదు, అక్కడ ఆడవాళ్లు ఆడుకోవాలి. మిర్యాలగూడలో ఒక ఇంటి ముందు రెండు ట్రాక్టర్ల ఇసుక ఉండిపోయింది. వీధివాళ్లు ఇంటావిడను రెండు మాటలని, చివరికి ఆ కుప్ప కొననే చదును చేసి బతుకమ్మలను దాని మీదే పెట్టి చుట్టూ ఆడారు. అందంగానే ఉంది. రాత్రి వాన పడి సగం ఇసుక కాలువలోకి పోయింది, డబ్బు నాది కాదు కాబట్టి ఇప్పుడు నవ్వుతున్నాను. మీ కూలీల చేత ముందే మిగిలిన ఇసుకను పెరట్లోకి మోయించి టార్పాలిన్ కప్పించండి. పెళ్లలు మట్టి వదిలించుకోవడానికి ట్రాక్టరు పిలిచే ముందు హాలు నేల ఎత్తు పెంచాల్సి ఉందా అని మేస్త్రిని అడగండి. ఉంటే ఆ పెళ్లలే భర్తీకి పనికొస్తాయి, లేదంటే రెండుసార్లు కిరాయి కడతారు. ఒక మాట మరవకండి, ఇటుకల కుప్పలోనూ రాళ్ల సందుల్లోనూ తేళ్లు చేరతాయి. పిల్లలు ఆ వైపు దాగుడుమూతలు ఆడకుండా చూడండి, కూలీలు కూడా చేత్తో కాకుండా పారతో కదపాలి.

తంగేడు, గునుగు తెచ్చి పెట్టుకోవడానికి కూడా చోటు కావాలి, ఇది మగవాళ్లు రాసే ప్లాన్లలో ఎప్పుడూ ఉండదు. కొత్తగా పూర్తయిన స్నానాల గది చల్లగా, దుమ్ము లేకుండా ఉంటుంది కదా అని అందులో పూలు పెట్టాలనిపిస్తుంది. పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైనది. మామగారి గదిలో కిటికీ కింద తడి గుడ్డ మీద పరచుకోండి. దేవుని పటాలు కూడా అదే గదిలో తూర్పు గోడకు పీట వేసి పెట్టండి. అత్తగారి చేతనే పెట్టించండి, అప్పుడు శాస్త్రం గురించి ప్రశ్నలు రావు.

డబ్బు సంగతి. పెత్రమాస తరువాతి రోజుల్లో మేస్త్రి వచ్చి పండగ ఖర్చుకు పెద్ద అడ్వాన్సు అడుగుతాడు. అడగడం తప్పు కాదు. మన దగ్గర దసరాకు పనివాడికి బట్టలో డబ్బో పెట్టడం మర్యాద, అది వేరుగా చేత్తో ఇవ్వండి, లెక్కలో కలపకండి. చేసిన పనికి మాత్రం కొలతలు వేసి అంతవరకు పైసా బాకీ లేకుండా చెల్లించండి. చేయని పనికి ముందు డబ్బు ఇవ్వకండి. దసరా నాడు తాపీ, తూకం గుండు, లెవెల్ పట్టీ పూజలో పెట్టుకునే మనిషి, చేసిన పనికి మర్యాదగా కొలిచి డబ్బిచ్చిన ఇంటికి తిరిగి వస్తాడు. ఎక్కువ అడ్వాన్సు తీసుకున్నవాడు మొహం చాటేస్తాడు. నేను రెండు రకాల యజమానుల దగ్గరా పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

పండగకు పాలమూరు ఊళ్ల మేస్త్రులు బెంగుళూరు నుంచి, ముంబయి నుంచి ఇళ్లకు వస్తారు. చుట్టరికం పట్టుకుని వాళ్లను నాలుగు రోజులు మన పనిలో పెట్టేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఏడాదికి ఒక్కసారి పిల్లల దగ్గరికి వచ్చిన మనిషి.

ఆడపడుచుల భర్తలు వచ్చాక వాస్తు మొదలవుతుంది. పొయ్యి ఆగ్నేయంలో లేదు, సింకు అక్కడ ఉండకూడదు, ఆ గోడ నాలుగు అంగుళాలు జరగాలి. అల్లుళ్లు కాబట్టి మీ మామగారు కాదనలేరు, మీరు అసలే అనలేరు. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి సలహా వాళ్ల ముందే రాసుకోండి. మేస్త్రికి ఫోను చేయకండి. దసరా అయిన మూడో రోజు పుస్తకం తీసి చూస్తే పదింట్లో ఒకటి పనికొచ్చేది ఉంటుంది. ఆ ఒక్కటి చేయించి, అల్లుడి గారి సలహాయేనని అందరికీ చెప్పండి.

దసరా తరువాతి లెక్క కూడా ఇప్పుడే వేసుకోవాలి. దసరాకూ దీపావళికీ మధ్య మూడు వారాలకు కాస్త తక్కువ. టైల్స్, గ్రానైట్ పనివాళ్లు చాలామంది ఉత్తరాది వాళ్లు, రాజస్థాన్ వాళ్లు దీపావళికి ముందే వెళ్తారు, బీహార్ వాళ్లు దీపావళి అయిన ఆరో రోజు వచ్చే ఛట్ పూజ కూడా చూసుకుని కానీ తిరగరు. మరోవైపు మన దగ్గర అప్పటికి పత్తి ఏరడం మొదలవుతుంది, మాల్ (కలిపిన సిమెంటు ముద్ద) అందించే ఆడకూలీలు చేలకు పోతారు, వెంటనే వరికోతలు. దసరా అయిన మూడో రోజు పని మొదలుపెట్టకపోతే మీ హాలు నవంబరు చివరికి పోతుందని ఖాయంగా చెప్పగలను. కాబట్టి టైల్స్ మేస్త్రితో ఇప్పుడే మాట్లాడి తేదీ తీసుకోండి. టైల్స్ దసరా ముందే తెచ్చి పెట్టండి, కానీ పండగ రోజుల్లో చుట్టాలు కూర్చునే చోట కాదు. పెట్టెల మీద ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోండి, అయిదారు పలకలు ఎక్కువ తీసుకోండి.

ఇంక మీ అసలు ప్రశ్న, అద్దెకు పోవాలా. ఇంటిల్లిపాదీ అక్కర్లేదు. రెండు నెలల అద్దె, సామాను మోత, బడి దూరం, పైగా యజమాని కంటి ముందు లేని ఇంట్లో జరిగే పని, ఇవన్నీ కలిపితే నష్టమే. ఇంట్లో ఉండలేని రోజులు నిజానికి పది పన్నెండే, హాల్లో షాబాదు బండలు లేపి, కింద ఉన్న మట్టి తోడి, టైల్స్ కింద కొత్త పరుపు వేసే రోజులు. ఆ మట్టి ముప్పై ఏళ్ల మట్టి, ఎంత తడిపినా లేస్తుంది. ఆ పన్నెండు రోజులకు మీ మామగారు ఆ ఇంట్లో ఉండకూడదు.

దానికి పండగే దారి చూపిస్తుంది. ఆడపడుచులు దసరా తరువాత వెళ్లేటప్పుడు అమ్మానాన్నలను వెంట తీసుకుపోవాలి, దీపావళి ముందు దింపాలి. ఈ మాట మీ నోటి నుంచి రాకూడదు. మీరంటే కోడలు ఇంట్లోంచి పంపించిందని ఊరంతా తిరుగుతుంది. మీ ఆయన చేత కూడా వద్దు. ఇప్పుడే పెద్ద ఆడపడుచుకు ఫోను చేసి, హాలు పని ఎప్పుడో, దుమ్ము ఎంతో, నాన్నగారి దమ్ము సంగతేమిటో ఉన్నదున్నట్టు చెప్పండి. పిలుపు ఆమెనే పిలవనివ్వండి. బతుకమ్మ ఏడో రోజుకల్లా పిలిస్తే మీ అత్తగారు రెండు రోజులు కాదని, సద్దుల నాటికి బట్టలు సర్దుకుంటారు. మామగారి మంచం, వాడే దిండు ఆయన వెళ్లిన రోజే పాత బట్టలో చుట్టి అటక మీద పెట్టించండి. బండలు లేపే ముందు రోజు సాయంత్రం హాలంతా రెండుసార్లు తడిపించండి. పగలకుండా వచ్చిన షాబాదు బండలను అమ్మేయకండి, పెరట్లో బావి చుట్టూ పరిస్తే ఇంకో ముప్పై ఏళ్లు ఉంటాయి.